హాలోవీన్ రాత్రి మూగజీవాల సంరక్షణ - నా అనుభవం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు రెండుసార్లు అమెరికా వెళ్ళివచ్చారు కదా, ఆ అనుభవాలు కాసేపు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి, స్వేచ్ఛా విగ్రహం గురించి ఈ వేదిక మీద ఇప్పటికే నలుగురైదుగురు మిత్రులు చెప్పారు. వారికంటే బాగా నేను చెప్పలేను. అందుచేత ఒక కుక్క గురించి, ఒక రాత్రి గురించి చెబుతాను. నవ్వకండి. మనలో చాలామందికి ఇది పనికివచ్చే విషయమే.

ఎందుకంటే, ఇక్కడ కూర్చున్నవారిలో సగం మందికి కొడుకో కూతురో అక్కడ ఉన్నారు. మనం ఆరు నెలలకని వెళతాం. అక్టోబరు నెలాఖరున హాలోవీన్ అనే పండుగ వస్తుంది. ఆ సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వీధుల్లోకి వెళతారు. ఇంట్లో మిగిలేది మనం. మనతోపాటు మిగిలేది ఆ ఇంటి కుక్క, లేదా పిల్లి. ఆ మూడు గంటలూ దాని బాధ్యత మనది. 2019లో ఆ బాధ్యత నాకు అప్పగించారు. నేను దానిని ఎలా చేశానో దాచకుండా చెబుతాను.

ముందుగా పండుగ సంగతి. నవంబరు 1 క్రైస్తవులకు సకల పునీతుల దినం. దాని ముందురోజు సాయంకాలం, అంటే అక్టోబరు 31, హాలోవీన్. దీనికి మూలం ఐర్లండు ప్రాంతపు పాత పండుగ అంటారు. పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి చనిపోయినవారి ఆత్మలు తిరుగుతాయని వాళ్ళ నమ్మకం. మనకు మహాలయ పక్షం ఉన్నట్టే వాళ్ళకూ పోయినవారిని తలచుకునే కాలం ఒకటి ఉందన్నమాట. పందొమ్మిదో శతాబ్దంలో కరువు వచ్చి ఐర్లండువాళ్ళు లక్షలాదిగా అమెరికాకు వలస వెళ్ళినప్పుడు ఈ పండుగ కూడా వాళ్ళతో వెళ్ళింది. అక్కడ గుమ్మడికాయలు విరివిగా దొరుకుతాయి. వాటిని తొలిచి, కళ్ళు, నోరు చెక్కి, లోపల దీపం పెట్టి గుమ్మంలో ఉంచుతారు. పిల్లలు దయ్యాలు, మాంత్రికులు, అస్థిపంజరాల వేషాల్లో ఇల్లిల్లూ తిరిగి గంట కొట్టి "ట్రిక్ ఆర్ ట్రీట్" అంటారు. మిఠాయి ఇస్తారా, అల్లరి చేయమంటారా అని దాని అర్థం. అందరూ మిఠాయే ఇస్తారు.

మన చిన్నతనంలో ఊళ్ళోకి పగటివేషాలవాళ్ళు వస్తే ఏమయ్యేదో గుర్తు తెచ్చుకోండి. మనం వెంటపడి నవ్వుకునేవాళ్ళం. వీధి కుక్కలు మాత్రం గొంతు చించుకుని మొరిగేవి. బుడబుక్కలవాడు తెల్లవారుజామున వీధి మొదట్లో అడుగుపెడితే చివరి ఇంటి కుక్కకు కూడా తెలిసిపోయేది. మనిషిని కుక్క వాసనతోను, ఆకారంతోను, నడకతోను గుర్తుపడుతుంది. ముఖానికి తొడుగు, ఒంటి మీద రెక్కలు, చేతిలో కర్ర ఉంటే తెలిసిన పిల్లవాడైనా దానికి కొత్త జంతువే. అలాంటివాళ్ళు ఒకరు కాదు, ఇద్దరు కాదు, యాభై అరవైమంది వరసగా గంట కొడుతూ ఉంటే ఆ ప్రాణం ఏమనుకోవాలి? ఈ రోజు పండుగ అని మనకు క్యాలెండరు చెబుతుంది. దానికి క్యాలెండరు లేదు.

ఇక మా కథ. మా అమ్మాయి, అల్లుడు డాలస్ నగరానికి దగ్గరలో ఉంటారు. వాళ్ళ కుక్క పేరు బంటీ. తేనెరంగు, పాతిక కిలోల బరువు, అప్పటికి ఐదేళ్ళ వయసు. నాకు కుక్కలంటే పెద్ద ఇష్టం ఉండేది కాదు. కానీ ఆ ఇంట్లో పగలు మాట్లాడేవాళ్ళు లేక ఆ కుక్కతోనే మాట్లాడటం అలవాటయింది. పేపరు చదివి వినిపిస్తే శ్రద్ధగా వినేది. మా ఆవిడ కూడా అంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు.

ఆ సంవత్సరం దీపావళి అక్టోబరు 27న వచ్చింది. నాలుగు రోజుల తరువాత హాలోవీన్. మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్ళు. బంటీకి కూడా గుమ్మడికాయ రంగు తొడుగు తెచ్చి వేసింది. తొడుగు మెడ దగ్గర పట్టకపోతే మెడపట్టీ తీసేసింది. దాని పేరు, ఫోను నెంబరు ఉన్న బిళ్ళ ఆ పట్టీకే ఉంది. ఇది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆరు గంటలకు అందరూ బయలుదేరారు. మా ఆవిడ కూడా వేషాలు చూడాలని వెళ్ళింది. అల్లుడు వెళుతూ వెళుతూ, "మామయ్యగారూ, బంటీని మేడ మీద గదిలో పెట్టి తలుపు వేశాను. తొమ్మిది దాకా బయటికి వదలకండి" అని చెప్పాడు. "అలాగే బాబూ" అన్నాను. ఒక బుట్ట నిండా చాక్లెట్లు నా ఒళ్ళో పెట్టి వెళ్ళారు.

గంట మోగినప్పుడల్లా పైన బంటీ మొరిగేది. కాసేపటికి మొరగడం మాని మూలగడం మొదలుపెట్టింది. తలుపు గోకుతోంది. నా మనసు ఒప్పలేదు. పండుగపూట అందరూ సంతోషంగా ఉంటే దీనికి ఈ జైలేమిటి, పాపం అనుకున్నాను. పైకి వెళ్ళి తలుపు తీశాను. కిందకు వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంది. చూశారా, ఎంత బుద్ధిగా ఉందో, అల్లుడిది అనవసరపు భయం అనుకున్నాను.

మళ్ళీ గంట మోగింది. మన ఇళ్ళలో అలవాటు ప్రకారం తలుపు బార్లా తీశాను. ఎదురుగా అస్థిపంజరం వేషంలో ఒక పొడుగాటి కుర్రవాడు ఉన్నాడు. కళ్ళలో ఎర్ర దీపాలు. నాకే గుండె ఝల్లుమంది. ఆ కుర్రవాడు సరదాగా ఒక్క అరుపు అరిచాడు. అంతే, నా రెండు కాళ్ళ మధ్యనుంచి బంటీ బయటికి దూకింది. నేను తేరుకుని మెట్లు దిగేలోపల ఆ వీధిలో లేదు.

చెప్పులు కూడా లేకుండా వీధి చివరిదాకా వెళ్ళాను. చీకటి. అన్ని ఇళ్ళూ ఒకేలా ఉంటాయి. "బంటీ, బంటీ" అని అరుస్తుంటే వేషాలు వేసుకున్న పిల్లలు నన్ను వింతగా చూశారు. ఇల్లు తలుపు తీసే ఉందని గుర్తొచ్చి తిరిగి వచ్చాను.

తొమ్మిదింటికి వాళ్ళు వచ్చారు. మా అమ్మాయి, "నాన్నా, బంటీ ఏదీ?" అంది. సోదరులారా, అప్పుడు నేను అన్నమాట ఇది: "పిల్లలెవరో తలుపు తోసేశారమ్మా." ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు చేశాను. ఒక్క మెమో పుచ్చుకోలేదు. నా సెక్షనులో జరిగిన పొరపాటును అటెండరు మీదికి తోసేసే వాళ్ళను చూసి అసహ్యించుకునేవాడిని. డెబ్బైకి దగ్గరపడిన వయసులో ఊరూ పేరూ తెలియని పసిపిల్లల మీదికి నా తప్పు తోసేశాను.

ఆ రాత్రి ఒంటిగంట దాకా కారులో వెదికారు. మనవరాలు తొడుగు కూడా విప్పకుండా ఏడుస్తూ నిద్రపోయింది. మా ఇంటికి అర మైలు దూరంలో ఆరు వరుసల పెద్ద రోడ్డు ఉంది. అందరి మనసుల్లో అదే రోడ్డు. ఎవరూ దాని మాట ఎత్తలేదు.

తెల్లవారిన తరువాత మా అమ్మాయికి ఈమెయిలు వచ్చింది. పెద్ద రోడ్డుకు అవతలి కాలనీలో ఒకాయన తన కారు కింద నక్కి ఉన్న బంటీని రాత్రి చూసి, గరాజులో పడుకోబెట్టి, పొద్దున్నే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. ఆసుపత్రివాళ్ళు దాని మెడ దగ్గర ఒక యంత్రం పెట్టి చూశారు. చర్మం కింద చిప్పు ఉంది. దాని నెంబరునుబట్టి యజమాని పేరు తెలిసింది. కానీ రిజిస్టరులో ఉన్న ఫోను నెంబరు మా అమ్మాయి ఎప్పుడో వదిలేసిన పాత నెంబరు. దానికి రెండుసార్లు చేస్తే ఎవరో వేరే మనిషి పలికారట. అదృష్టవశాత్తూ ఈమెయిలు మారలేదు.

బంటీ ఇంటికి వచ్చింది. నాలుగు పాదాల మెత్తలూ చీరుకుపోయి కట్లు కట్టి ఉన్నాయి. ఆ గుమ్మడికాయ తొడుగు చిరిగి పీలికలైంది. నన్ను చూసి తోక ఊపింది. ఆ తోక ఊపడం నేను భరించలేకపోయాను. అందరినీ కూర్చోబెట్టి, "తలుపు తోసింది పిల్లలు కాదు. బంటీని గదిలోనుంచి వదిలింది నేను, గుమ్మం తీసింది నేను" అని చెప్పాను.

అల్లుడు తల వంచుకుని, "తెలుసు మామయ్యగారూ. గంట స్విచ్చిలోనే కెమెరా ఉంది. రాత్రే చూశాను" అన్నాడు. చూసినవాడు భార్యతో కూడా అనలేదు. నేను చెప్పేదాకా ఆగాడు. మనవరాలు మాత్రం, "తాతయ్యా, బంటీకి మీ మీద కోపం లేదు. నాకు ఉంది" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అది న్యాయమే.

ఆ తరువాత నేను ఈ విషయం మీద చదవడం, పశువైద్యులను అడగడం మొదలుపెట్టాను. ఒక ఫైలు పెట్టినట్టు నోట్సు రాసుకున్నాను. అందులో ముఖ్యమైనవి మీ ముందు పెడుతున్నాను.

మొదటిది తలుపు. ఆ రాత్రి జరిగే అనర్థాల్లో తలుపు దాటి పారిపోవడం ముఖ్యమైనది. చీకటి పడకముందే కుక్కను ఒకసారి తిప్పి తీసుకువచ్చి, గుమ్మానికి దూరంగా ఉన్న గదిలో పెట్టాలి. దాని పరుపు, నీళ్ళు, కొరుక్కునే బొమ్మ అక్కడే ఉంచాలి. ఫ్యానో టీవీయో వేస్తే గంట చప్పుడు కొంత కలిసిపోతుంది. మన చెవికి సుమారు 20,000 హెర్ట్జుల దాకా వినబడితే కుక్కకు సుమారు 45,000 దాకా వినబడుతుంది. మనకు చిన్న గోల దానికి పెద్ద గోల. వీలైతే ఒక మనిషి దానితో కూర్చోవాలి. అది మూలిగినా తలుపు తీయకూడదు. జాలిపడి తలుపు తీయడం జాలి కాదని నేను నేర్చుకున్నాను. నిబంధన ఎందుకు పెట్టారో అడిగి తెలుసుకోకుండా సడలించకూడదు. ఈ సంగతి గుమాస్తాగా నాకు ముందే తెలిసి ఉండాలి.

ఇంకో సులువైన ఉపాయం ఉంది. ఆ దేశంలో గుమ్మం ముందు దీపం వెలుగుతుంటే మిఠాయి ఇస్తారని గుర్తు. దీపం ఆర్పేస్తే పిల్లలు సాధారణంగా ఆ ఇంటికి రారు. ఒంటరిగా ఉన్నప్పుడు చేతకాదనుకుంటే దీపం ఆర్పేయండి. లేదా మిఠాయి బుట్ట బయట కుర్చీ మీద పెట్టి తలుపు వేసుకోండి. ఎవరూ తప్పుపట్టరు.

రెండవది తిండి. చాక్లెట్ కుక్కకు విషం. కోకో గింజలో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మన శరీరం దానిని త్వరగా వదిలించుకుంటుంది. కుక్క శరీరంలో అది గంటల తరబడి ఉండిపోతుంది. వాంతులు, విరేచనాలు, నిలకడ లేకుండా తిరగడం, గుండె దడ, వణుకు, చివరకు మూర్ఛలు వస్తాయి. తిన్న వెంటనే ఏమీ కనబడకపోవచ్చు. సాధారణంగా 6 నుంచి 12 గంటల లోపు బయటపడుతుంది. పాల చాక్లెట్ గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు, నల్ల చాక్లెట్‌లో దానికి రెండు మూడు రెట్లు, వంటకు వాడే చేదు చాక్లెట్‌లో ఇంకా ఎక్కువ. కుక్క బరువు కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే లక్షణాలు మొదలవుతాయి. అంటే ఐదు కిలోల చిన్న కుక్కకు 50 గ్రాముల పాల చాక్లెట్ చాలు. పిల్లల సంచిలో అంతకు పది రెట్లు ఉంటుంది. కుక్క కాగితాలు కూడా విప్పదు, కాగితాలతో సహా మింగుతుంది. పుల్లలు, కాగితాలు పేగులకు అడ్డుపడతాయి.

చక్కెర లేని బబుల్‌గమ్‌లలో, కొన్ని మిఠాయిల్లో, కొన్ని రకాల వేరుశనగ వెన్నలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. ఇది మనకు ఏమీ చేయదు. మనలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళం కొనేవి ఇలాంటివే, జేబులో వేసుకునేవీ ఇవే. కుక్కకు మాత్రం అరగంట, గంటలోపే రక్తంలో చక్కెర పడిపోయి కుప్పకూలవచ్చు. కాలేయం కూడా దెబ్బతింటుంది. కాబట్టి మన కోటు జేబు కూడా తనిఖీ చేసుకోవాలి.

మూడవ వస్తువు పేరు చెబితే మీరు నమ్మరు. ద్రాక్షపండ్లు, కిస్‌మిస్. ఇవి కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఎంత తింటే అపాయమో లెక్క లేదు, కొన్నిటికి కొంచెమే చాలు. ఇది చాలాకాలంగా తెలిసినా, కారణం తెలియలేదు. 2021లో అమెరికా పశువైద్యులు కొందరు దీనికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని సూచించారు. ఆ ఆమ్లం పుష్కలంగా ఉన్న మరో పండు ఏదో మీకు తెలుసు: చింతపండు. చింతపండు తిన్న కుక్కలకు కూడా అలాగే మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతులు 2022లో వాళ్ళ పత్రికలో ప్రచురించారు. అమెరికా కుక్క తెలుగువారి ఇంట్లో పెరుగుతున్నప్పుడు ఇది మనం తెలుసుకోవలసిన విషయం. పులిహోర, చారన్నం, పులుసన్నం దానికి పెట్టకూడదు. కిస్‌మిస్ వేసిన లడ్డు, పరమాన్నం, చక్కెర పొంగలి పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి కూడా కుక్కలకు, పిల్లులకు రక్తకణాలను నాశనం చేస్తాయి. మన విస్తరిలో మిగిలినదే కుక్కకు పెట్టడం మన అలవాటు. ప్రేమతోనే పెడతాం. కానీ ఆ అలవాటు మార్చుకోవాలి.

ఒకవేళ తినేస్తే ఏం చేయాలి? ఉప్పునీళ్ళు పట్టి కక్కించే ప్రయత్నం చేయవద్దు, అది ఇంకా ప్రమాదం. లక్షణాలు వచ్చేదాకా ఆగవద్దు. ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువెంత, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని, మిగిలిన కాగితం పొట్లం కూడా చేతిలో పెట్టుకుని వెంటనే ఫోను చేయాలి. 1866లో స్థాపించిన ఏ.ఎస్.పి.సి.ఏ. అనే జంతు సంరక్షణ సంస్థకు విషాల విషయంలో సలహా చెప్పే కేంద్రం ఉంది. అమెరికాలో దాని నెంబరు 888-426-4435. రాత్రింబవళ్ళు పలుకుతారు. రుసుము తీసుకోవచ్చు. ఆ రాత్రి దగ్గరలో తెరిచి ఉండే అత్యవసర పశువైద్యశాల ఏదో కూడా ముందే అడిగి రాసుకోండి. పండుగ పూట రాత్రి పదింటికి వెతుక్కునే పని పెట్టుకోకూడదు.

మూడవది అలంకరణలు. గుమ్మడికాయలో కొవ్వొత్తి పెడితే తోక తగిలి పడిపోతుంది. దానికి బదులు బ్యాటరీ దీపం పెట్టాలి. అలంకరణకు కట్టే ఎండు మొక్కజొన్న కండెను కుక్క మింగితే పేగులో ఇరుక్కుంటుంది. దొంగ సాలెగూళ్ళ దారాలు పిల్లి మింగితే పేగులు ముడతపడి ఆపరేషను దాకా వస్తుంది. పిల్లలు చేతికి కట్టుకునే మెరిసే గొట్టాలను పిల్లి కొరికితే లోపలి ద్రవం విపరీతమైన చేదు. నోటివెంట నురుగు కక్కుతూ పరుగులు తీస్తుంది. చూడటానికి భయం కలుగుతుంది గాని అది సాధారణంగా ప్రాణాపాయం కాదు. నోరు తుడిచి కొంచెం పాలో, ఇష్టమైన తిండో పెట్టి, ఒంటి మీద పడినది కడిగేయాలి.

నాలుగవది వేషం. కుక్కకు తొడుగు వేస్తే ఫోటోకు బాగుంటుంది. కానీ చెవులు వెనక్కు పెట్టి, తోక ముడిచి, కదలకుండా నిలబడిపోతే దానికి ఇష్టం లేదని అర్థం. వెంటనే తీసేయాలి. కళ్ళకు, ముక్కుకు, నడకకు అడ్డం రాకూడదు. ఏ వేషం వేసినా మెడపట్టీ, బిళ్ళ తీయకూడదు.

ఐదవది, మన గుమాస్తాల సొంత విషయం, రికార్డు. ఈ చిప్పు పెద్ద బియ్యపుగింజంత ఉంటుంది. భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు. అందులో బ్యాటరీ లేదు. కుక్క ఎక్కడుందో అది చెప్పదు. యంత్రం దగ్గర పెడితే ఒక నెంబరు మాత్రం చెబుతుంది. ఆ నెంబరుకు ఎదురుగా రిజిస్టరులో మనం ఏ ఫోను రాయించామో అదే దిక్కు. అమెరికాలో 7,700కు పైగా తప్పిపోయిన జంతువుల మీద చేసి 2009లో ప్రచురించిన పరిశీలనలో, చిప్పు లేని కుక్కల్లో నూటికి 22 యజమానులను చేరితే, చిప్పు ఉన్నవాటిలో 52 చేరాయి. పిల్లుల్లో తేడా ఇంకా ఎక్కువ: చిప్పు లేకపోతే నూటికి రెండు కూడా చేరలేదు, ఉంటే 38 దాకా చేరాయి. చిప్పు ఉండి కూడా చేరనివాటిలో చాలావాటికి కారణం మా ఇంట్లో జరిగినదే, పాత నెంబరు.

నామినీ పేరు మార్పించుకోండయ్యా, చిరునామా మారితే ట్రెజరీకి తెలియజేయండయ్యా అని నా సర్వీసంతా పదిమందికి చెప్పినవాడిని. మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉండి, ఆ కుక్క కాగితాలు ఒక్కసారి తీసి చూడాలని నాకు తోచలేదు. మీరు ఈసారి వెళ్ళినప్పుడు, దిగిన వారంలోనే, "అమ్మా, దీని చిప్పు రిజిస్టరులో ఏ ఫోను ఉంది?" అని అడగండి. ఇది ఐదు నిమిషాల పని.

2024లో మళ్ళీ వెళ్ళాము. ఆ సంవత్సరం మన దీపావళి, వాళ్ళ హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. ఒకే గుమ్మంలో ఒకవైపు ప్రమిదలు, ఒకవైపు గుమ్మడికాయ. బంటీకి పదేళ్ళు వచ్చాయి, మూతి నెరిసింది. మనవరాలికి పదమూడు. మధ్యాహ్నం మా ఆవిడ బూంది లడ్డు చుట్టి, వాసనకు వచ్చి కూర్చున్న బంటీకి ఒకటి చేయి చాపింది. "అమ్మమ్మా, వద్దు! కిస్‌మిస్!" అని మనవరాలు అరిచిన అరుపుకు లడ్డు నేల మీద పడింది. దానికంటే ముందు నేను కాలు పెట్టి తొక్కాను. మా ఆవిడ, "ఏమండీ, లక్ష్మీపూజ రోజు ప్రసాదం తొక్కుతారా!" అంది. క్షమించమని లక్ష్మీదేవికి దండం పెట్టుకున్నాను. బంటీకి ఉడకబెట్టిన చప్పిడి చికెన్ ముక్క పెట్టారు. దానికి లోటేమీ కలగలేదు.

సాయంత్రం మిఠాయి బుట్ట ఎవరు పట్టుకోవాలి అన్న ప్రశ్న వచ్చింది. "నాకు వద్దు, నేను పైన కూర్చుంటాను" అన్నాను. ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా మేడ మీద గదిలో బంటీ, నేను. కింద గంట మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా అది తల ఎత్తి నా ముఖం చూసేది. నేను కదలకపోతే మళ్ళీ తల వాల్చేది. అలా చాలాసార్లు చూసింది. ఆఖరున లెక్కపెట్టడం మానేసి నిద్రపోయింది. పండుగ నేను చూడలేదు, కానీ అంత మంచి పండుగ నాకు ఈ మధ్య లేదు. తొమ్మిదిన్నరకు మనవరాలు తలుపు కొంచెం తీసి, "తాతయ్యా, ఇక వదలొచ్చు" అంది. ఐదేళ్ళ కిందటి కోపం అప్పుడు పోయిందనుకుంటాను.

నన్నయగారి భారతం ఆదిపర్వంలో మొదట్లోనే సరమ అనే దేవశునకం కథ ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ కొడుకు ఆడుకుంటూ అక్కడికి వస్తుంది. ఏ తప్పూ చేయకపోయినా రాజు తమ్ముళ్ళు దానిని కొడతారు. తల్లి వచ్చి రాజును నిలదీస్తుంది. ఆలోచన లేకుండా దుర్బలులకు అపకారం చేసేవారికి అనుకోని భయాలు వస్తాయని హెచ్చరించి వెళుతుంది. మనం కొట్టం, నిజమే. కానీ మన వేడుకల్లో ఆలోచన లేకపోవడం వల్ల దానికి కలిగే భయం తక్కువేమీ కాదు. ఇక్కడ మన వీధుల్లో దీపావళి రాత్రి టపాకాయలకు బెదిరి మంచాల కింద, కాలువల్లో నక్కే కుక్కలను చూడండి. ఇంటి గుమ్మంలో ఒక మూల చోటిచ్చి, ఒక గిన్నెడు నీళ్ళు పెడితే పండుగకు వచ్చే లోటు లేదు.

కార్యదర్శిగారు ఈ ప్రసంగాన్ని ప్రత్యేక సంచికలో వేస్తామన్నారు. అక్టోబరులో ప్రయాణం ఉన్న మిత్రులు ఈ పేజీ కత్తిరించి పాస్‌పోర్టుతోపాటు పెట్టుకోండి. అక్కడికి వెళ్ళాక ఫ్రిజ్ మీద అంటించండి. పిల్లలు మన చేతిలో ఇల్లు, కుక్క పెట్టి వెళ్ళారంటే మన మీద ఇంకా నమ్మకం ఉందన్నమాట. రిటైరైన మనిషికి అంతకుమించిన పోస్టింగు ఏముంది? ఆ డ్యూటీ సరిగ్గా చేద్దాం. పొరపాటు జరిగితే మాత్రం ఆ రాత్రే ఒప్పుకుందాం. కెమెరా ఉన్నా లేకపోయినా.